రెండో చెయ్యి ఉప్పు

మా వైపు పెళ్లిలో పొట్టేలు తెగకపోతే ఆ పెళ్లి జరిగినట్టే కాదనేవాళ్లు. "పప్పన్నం పెట్టి పంపినారు" అన్నారంటే అది మెచ్చుకోలు కాదు, ఆ ఇంటివాళ్ల పిసినారితనం గురించి పది ఊళ్లు చెప్పుకునే మాట. నేను బద్వేలు నుంచి కడపకు కోడలిగా వచ్చిన కొత్తలో మా ఇంటాయన వంటకు పెద్ద గిరాకీ ఉండేది కాదు. అమ్మవారిశాలలో పూజలు, మా శెట్ల ఇళ్లలో పెళ్లిళ్లు, కర్మాంతరాలు, శ్రావణమాసంలో నోములు, అంతే. మిగతా రోజుల్లో బజారులో చిన్న పచారీ అంగడి చూసుకునేవాడు. ఆ అంగడిలో కూర్చొని కూడా ఎవరైనా ఇంగువ కొనడానికి వస్తే ఎట్లా పొంగించాలో చెప్పి గాని పంపేవాడు కాదు.

ఎప్పుడు మొదలైందో చెప్పలేను గానీ జనం మెల్లగా మా తిండి వైపు తిరిగారు. ఒకరికి శనివారం, ఇంకొకరికి సోమవారం. కార్తీకం వస్తే వీధులకు వీధులు మాంసం మానేస్తాయి. మాల వేసుకున్న స్వాములకు భిక్ష పెట్టుకోవాలంటే వంటవాళ్లు దొరకడం కష్టమైంది. షుగరని ఒకరు, గుండెకు స్టెంటు వేశారని ఒకరు మాంసం మానుకున్నారు. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలకు ఎక్కడెక్కడి నుంచో ఆఫీసర్లు వచ్చారు, వాళ్లలో కొంతమందికి ఉల్లిపాయ కూడా పనికిరాదు. సాయిబుల పెళ్లిళ్లలో సైతం, పిలిచిన శెట్ల కోసం, బాపనోళ్ల కోసం పక్కన వేరే టెంటు వేసి, దానికి మమ్మల్ని పిలవడం మర్యాద అయింది. ఒకప్పుడు మమ్మల్ని "పప్పు శెట్లు" అని నవ్విన నోళ్లే ఫోన్లు చేసి, తేదీ ఖాళీ ఉందా అని బతిమాలేవి. నాకు లోపల గర్వంగానే ఉండేది, ఎందుకు అబద్ధం చెప్పాలి.

మా ఇంటాయన వంటకు ఒక కట్టుబాటు ఉండేది. వాళ్ల నాయన దగ్గర నేర్చుకున్నది. దేవుడికి నైవేద్యం పెట్టకముందు వండినదాన్ని ఎవ్వరూ నోట్లో వేసుకోకూడదు. రుచి చూడటమంటే ఎంగిలి చేయడమే. చెయ్యి మీద ఒక చుక్క వేసుకొని నాకడం కూడా తప్పే. మరి ఉప్పు చాలిందో లేదో ఎట్లా తెలుస్తుంది అంటారా? వాసనతో. నవ్వకండి. ఉప్పుకు వాసన ఉండదని నాకూ తెలుసు. కానీ ఉప్పు చాలని సాంబారు ఆవిరిలో ఒక పచ్చిదనం ఉంటుందట. ఉప్పు సరిగా పడగానే అది విరిగి చింతపండు పులుపు ముందుకు వస్తుందట. నేను ఎన్నిసార్లు గుండిగ మీద ముఖం పెట్టి చూసినా నాకు మాత్రం కళ్లు మండడం తప్ప ఏమీ తెలియలేదు.

ఉప్పు ఎప్పుడూ రెండు విడతలుగా వేసేవాడు. మొదటి చెయ్యి పప్పు ఉడికాక వేసేది. అది లెక్క ప్రకారం, ఇంత పప్పుకు ఇంత అని. ఆ లెక్క నాకూ వచ్చు. రెండో చెయ్యి దించబోయే ముందు. గుండిగ మీదికి వంగి, కళ్లు మూసుకొని, ఆవిరి పీల్చి, అప్పుడు వేసేవాడు. ఒకసారి దోసెడు, ఒకసారి చిటికెడు. ఒక్కోసారి ఏమీ వేయకుండా ఉప్పు బుట్ట పక్కకు తోసేసి "దించండప్పా" అనేవాడు. చింతపండు ఏ సంతలో కొన్నది, నీళ్లు ఏ బోరువి, కందిపప్పు కొత్తదా పాతదా, వాటన్నిటి లెక్కా ఆ రెండో చేతిలోనే తేలేది. రెండో చెయ్యి ఇంకెవరినీ వేయనిచ్చేవాడు కాదు.

అంత ముక్కున్న మొగుడితో కాపురం ఎట్లా ఉంటుందో ఆడవాళ్లకు చెప్పనక్కర్లేదు. వాకిట్లో చెప్పులు విడుస్తూనే "పోపులో మెంతులు మాడబెట్టినావే" అనేవాడు. నేను వంటింట్లో ఉడికిపోయేదాన్ని. పెరుగు నిన్నటిదని, నెయ్యి కాచేటప్పుడు ఫోను మాట్లాడానని, వంకాయలు కోసి నీళ్లలో వేయలేదని, ముద్ద నోటి దాకా పోకముందే ఏదో ఒక వంక. ఒకనాడు విసుగొచ్చి పళ్లెం ముందు నుంచి లాగేసి, "రేపట్నుంచి నువ్వే వండుకో సామీ, నేను పీట మీద కూర్చోని వంకలు పెడతా" అన్నాను. నవ్వాడు గానీ మానలేదు. మా ఇద్దరు కూతుళ్లు అత్తగారిళ్ల నుంచి వచ్చినప్పుడు "నాయన ఈ పొద్దు ఏం తప్పు పట్టినాడు?" అని మొదట అదే అడిగేవాళ్లు.

వంట పని పెద్దదై కేటరింగ్ అనే పేరు తగిలింది మా తమ్ముడి వల్ల. వాడు బద్వేలులో ఎరువుల అంగడి పెట్టి చేతులు కాల్చుకొని మా ఇంటికి చేరాడు. నోరున్నవాడు. నాలుగు కల్యాణమండపాల వాళ్లతో మాట్లాడి, ఒక వ్యాను తీసుకొని, దాని మీద ఎర్ర అక్షరాలతో "ఎంగిలి సోకని వంట" అని రాయించాడు. మా ఇంటాయనకు అది నచ్చలేదు. నిష్ఠ అనేది బండి మీద రాసుకొని తిరిగే సంగతా అని వారం రోజులు ముఖం మాడ్చుకున్నాడు. కానీ జనానికి ఆ మాటే పట్టింది. ఫోను చేసినవాళ్లు ముందు అదే అడిగేవాళ్లు, "రుచి చూడకుండా వండుతారంటనే, మీరేనా?" అని. స్వాముల భిక్షలు, సత్యనారాయణ వ్రతాలు, గృహప్రవేశాలు వరుసగా వచ్చిపడ్డాయి. అంగడి తాళం వేసి అద్దెకిచ్చేశాం. మీరు బొబ్బట్లంటారే, ఆ ఓళిగలు తట్టడానికి, వడలు వేయించడానికి ఆడవాళ్లను పెట్టుకున్నాం, వాళ్ల మీద పెత్తనం నాది.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఆయనకు తగులుకుంది. మిద్దె మీది గదిలో పడుకోబెట్టాం. గడప దగ్గర అన్నం పెట్టి దిగివచ్చేదాన్ని. ఆ రోజుల గురించి రాయడానికి నాకు ఇష్టం లేదు. బతికి బయటపడ్డాడు, అదే పదివేలు. తర్వాత పెళ్లిళ్లన్నీ ఒక్కసారిగా మొదలయ్యేసరికి మాకు మునుపటి కంటే ఎక్కువ పిలుపులు వచ్చాయి. చావును దగ్గరగా చూసిన జనం మొక్కులు మొక్కుకున్నారు, మాంసం మానుకున్నారు, ఊరికొక అన్నదానం పెట్టుకున్నారు. ఆయన సన్నబడిన చేతులతో మళ్లీ గరిటె పట్టుకున్నాడు.

అప్పటి నుంచి ఇంట్లో ఒక మార్పు చూశాను. ఆయన వంకలు పెట్టడం మానేశాడు. ఏది పెడితే అది తినేవాడు. పచ్చిపులుసు పెట్టినా, మిగిలిన చారు వేడిచేసి పోసినా తల ఎత్తకుండా తిని, చెయ్యి కడుక్కొని లేచేవాడు. నాకు ఎంత సంబరమో! పక్కింటి సాయిబులామెకు గోడ మీంచి చెప్పుకున్నాను. ఆమె కూడా, చావు దాకా పోయొచ్చిన మనిషి గదా, మెత్తబడినాడులే అంది. ఇన్నేళ్లకు నా వంట నచ్చిందనుకున్నాను. ఒకరోజు గుత్తివంకాయ చేసి, ఎట్లుందని నేనే అడిగాను. బాగుండాది అన్నాడు. ఆ ఒక్క మాటకు రోజంతా పొంగిపోయాను. పెళ్లయినప్పటి నుంచి ఎదురుచూసిన మాట అది. ఇప్పుడు తలుచుకుంటే ఆ పొంగిపోయినందుకే నాకు ఎక్కువ బాధ.

అసలు సంగతి పాలు మాడిన రోజున బయటపడింది. పొయ్యి మీద పాలు పెట్టి, ఆయన్ను చూస్తూ ఉండమని, నేను మిద్దె మీద వడియాలు ఎండబెట్టడానికి పోయాను. ఆయన పొయ్యికి వీపు పెట్టి కూర్చొని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాడు. మాడు వాసన మిద్దె మీదికే వచ్చింది. పరుగెత్తుకొని దిగేసరికి పాలు పొంగి, ఇగిరి, గిన్నె అడుగు నల్లబడిపోయి ఉంది. ఆయన అట్లాగే కాయలు ఒలుస్తున్నాడు. నేను పొయ్యి ఆర్పాక గాని ఆయన తిరిగి చూడలేదు. మెంతులు మాడితే వాకిట్లో నుంచి పట్టేసిన మనిషి! ఎప్పటి నుంచి అని అడిగాను. జ్వరం నుంచి అన్నాడు. ఏ వాసనా తెలియడం లేదని, మొదట్లో తిరిగి వస్తుందనుకున్నానని, రాలేదని చెప్పాడు. నాలుక మాటేమిటని అడిగితే, నాలుక బాగానే ఉంది, ముక్కొక్కటే అన్నాడు.

నేను ఊరుకోలేదు. ముక్కు డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. లవంగాలు, నిమ్మతొక్క, ఇంకేవో రోజూ వాసన చూస్తూ ఉండమన్నాడు. వస్తే రావచ్చు, రాకనూపోవచ్చు అన్నాడు. కొన్నాళ్లు పొద్దున్నే లవంగాల సీసా ముక్కు దగ్గర పెట్టుకొని కూర్చునేవాడు. నేను ఎదురుగా కూర్చొని ఆయన ముఖం చూసేదాన్ని. ఏమైనా తెలిసిందా అని అడగడం కూడా మానేశాను, అడిగినప్పుడల్లా ఆయన ముఖం చిన్నబోయేది. చివరికి ఆ సీసా ఎప్పుడు మళ్లీ పోపులపెట్టెలోకి పోయిందో నాకు గుర్తులేదు.

వంట మానుకోమని చెప్పాను. తమ్ముడు చూసుకుంటాడులే అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా వైపు చూసిన చూపు చూడాలి. సరే, మానుకోవద్దు, నేను పక్కన ఉంటాను, నువ్వు తల అటు తిప్పుకో, నేను ఒక చుక్క నాలుక మీద వేసుకొని చెబుతాను, మూడో మనిషికి తెలియదు అన్నాను. అప్పుడు కోపమొచ్చింది.

"ఎంగిలి సోకని వంట అని రాసుకోని తిరుగుతాండాం. దేవుని కంటే ముందు నువ్వు తింటే, ఆ రాతకు నేనేం జవాబు చెప్పాల? నువ్వు రుచి చూసిన రోజున నేను వంటోన్ని కాదు."

బండి మీద ఆ రాత రాయించినందుకు అలిగిన మనిషే ఆ రాతకు కట్టుబడిపోయాడు. రుచి చూడనని బిడ్డల మీద నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ముక్కు సంగతి తమ్ముడికి కూడా చెప్పవద్దన్నాడు. పెదవి దాటితే పృథివి దాటుతుంది అంటారు, నేను పెదవి దాటనివ్వలేదు. ముక్కు పోయినవాణ్ణి వంటకు ఎవరు పిలుస్తారు అనేది ఆయన దిగులు. మా అన్నం పోతుందని కాదు. ఆ రెండో చెయ్యి తప్ప తన దగ్గర ఇంకేమీ లేదని ఆయన అనుకునేవాడు. చదువు అబ్బలేదని వాళ్ల నాయన దగ్గర తిన్న తిట్లన్నీ ఆ చేతితోనే తీర్చుకున్నానని ఎప్పుడో నాతో అన్నాడు.

చాలా రోజులు దేవుడి దయవల్ల గడిచిపోయింది. పాత గుండిగలు, పాత కొలతలు, కల్లుప్పు. ఏళ్ల తరబడి వేసిన చెయ్యి కాబట్టి అరచేతికి అలవాటైపోయింది. కళ్లు మూసుకొని వంగడం మాత్రం మానలేదు. చుట్టూ ఉన్నవాళ్లు ఆయన వాసన చూస్తున్నాడనే అనుకునేవాళ్లు. జనం చేతులు కడుక్కుంటూ బాగుందని అనుకునే మాట చెవిన పడ్డాక గాని నేను గుక్కెడు నీళ్లు తాగేదాన్ని కాదు. ఆయన కూడా ఆ మాట కోసమే పంక్తుల మధ్య తిరిగేవాడని నాకు తెలుసు.

ఎర్రగుంట్ల దగ్గర పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. రెడ్లు, పెద్ద కుటుంబం. మనవరాలి పెళ్లి. ఆయన గుండె జబ్బు వచ్చాక మాంసం మానేశాడట. ఎవరింటి పెళ్లికి పోయినా తనొక్కడూ పక్కన కూర్చొని పెరుగన్నం తిని రావడం ఆయనకు చిన్నతనంగా ఉండేదట. మనవరాలి పెళ్లిలో మాత్రం అందరితో కలిసి ఒకే పంక్తిలో కూర్చొని, అందరూ తినేదే తినాలని ఆశ. అందుకని పెళ్లంతా శాకాహారమే అన్నాడు. అన్నదమ్ములు, అల్లుళ్లు ఎగతాళి చేశారట. మన ఇంట పప్పన్నం పెళ్లా, ఊళ్లో తలెత్తుకోగలమా అని. ఆయన మాత్రం కార్తీకంలో ఎక్కడో మా వంట తిన్నాడు.

"ఒక్కపూట ఈయన చేతి కూడు తినండి, తిన్నంక మాట్లాడండి అని పందెమేసినట్టు చెప్పినా శెట్టీ. నా మాట నీ చేతిలో ఉండాది," అన్నాడు.

మా తమ్ముడి ముఖం వెలిగిపోయింది. మాంసం తినే ఊళ్లో పప్పన్నంతో పెళ్లి చేస్తే ఇక ఆ చుట్టుపక్కలంతా మనదే అన్నాడు. ఒప్పుకోవద్దని నేను కళ్లతో చెప్పాను. మా ఇంటాయన నా వైపు చూడలేదు. పెద్దాయన చేతులు పట్టుకొని సరేనన్నాడు.

పెళ్లికి జనం ఎక్కువ. మా గుండిగలు చాలవని తమ్ముడు పెద్ద పెద్ద గుండిగలు బాడుగకు తెచ్చాడు. ఉప్పు కూడా మార్చాడు. కల్లుప్పులో ఇసుక వస్తోందని ఎవరో అన్నారట, అందుకని పొడి ఉప్పు ప్యాకెట్లు బస్తాతో తెచ్చాడు. తెల్లవారకముందే ఆ పల్లె చేరుకొని, స్కూలు పక్కన టెంటు కింద పొయ్యిలు వెలిగించాక ఆయన ఆ ఉప్పు చూశాడు. గుప్పెట్లోకి తీసుకొని వేళ్ల మధ్య నుంచి జార్చాడు. ఇది సన్నంగా ఉంది, ఒత్తుగా కూర్చుంటుంది, తగ్గించి వేయాలి అని తనకు తానే చెప్పుకున్నాడు. ఎంత తగ్గించాలో చెప్పేది ముక్కే. కల్లుప్పు దొరుకుతుందేమోనని తమ్ముణ్ణి పంపాలనుకునేలోపే కూరలు తరగడం అయిపోయింది, ముహూర్తం దగ్గరపడింది.

మొదటి చెయ్యి తగ్గించే వేశాడు. సాంబారు కాగింది. రెండో చెయ్యి వేసే వేళకు నేను పక్క పొయ్యి దగ్గర ఓళిగలు తట్టేవాళ్ల మధ్య కూర్చొని ఉన్నాను. ఆయన గుండిగ మీదికి వంగాడు. కళ్లు మూసుకున్నాడు. మామూలు కంటే చాలాసేపు అట్లాగే ఉన్నాడు. ముఖమంతా చెమట. ఏమీ చెప్పని ఆవిరిని అంత శ్రద్ధగా పీలుస్తుంటే నాకు ఏడుపొచ్చింది. లేచి, దోసెడు ఉప్పు వేసి, తెడ్డు తిప్పించి, మళ్లీ వంగాడు. మళ్లీ వేశాడు. ఇంకోసారి బుట్ట మీదికి చెయ్యి పోయింది, ఆగింది, మళ్లీ పోయింది. అప్పుడు నా వైపు చూశాడు. అడగలేదు, చూశాడంతే.

సాంబారు గరిటె నా చెయ్యి అందేంత దూరంలో, పళ్లెంలో ఉంది. దాని అంచున బొట్టు వేలాడుతోంది. వేలు చాపితే చాలు. బిడ్డల మీద ఒట్టు అని నేను ముద్దలు చేస్తున్న పిండి వైపు తల దించుకున్నాను. ఇంకో దోసెడు ఉప్పు పడిన చప్పుడు, ఆ వెనుకే "దించండప్పా" అన్న మాట విన్నాను. ఒట్టు తప్పితే తప్పేది. నా నోరే పుచ్చిపోయేదేమో, పోనీ. ఆ ఒక్క చుక్క నాలుక మీద వేసుకోనందుకు నేను ఏడ్చినంతగా నా తల్లి పోయినప్పుడు కూడా ఏడవలేదు.

ఇప్పుడు మా తమ్ముడే అంతా చూసుకుంటున్నాడు. రుచి చూడటానికే ఒక మనిషిని పెట్టాడు, అతను ప్రతి గుండిగ దగ్గరా చెంచా పట్టుకొని తిరుగుతాడు. వ్యాను మీద రాత చెరిపేసి రంగు కొట్టించాడు. గిరాకీ తగ్గిందా? తగ్గలేదు, ఇంకా పెరిగింది. ఎంగిలి సంగతి ఇప్పుడు ఎవరూ అడగడం లేదు. అడిగేది రెండే, పన్నీరు ఉంటుందా, ఎన్ని రకాల స్వీట్లు అని. ఈ జనం కోసమా మా ఇంటాయన అంత పట్టు పట్టింది అని నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

ఆ రోజు పెళ్లిలో సాంబారు దించగానే నైవేద్యానికి గిన్నెల్లో తీసుకుపోయారు. ఆ వెనుకే తాళి కట్టారు, బస్సుల్లో వచ్చినవాళ్లు ఆకలితో ఉన్నారని వెంటనే ఆకులు వేసేశారు. మేము నోట్లో పెట్టుకొని చూసే సందు కూడా దొరకలేదు. పెద్దాయన మొదటి పంక్తిలోనే, నడుమ కూర్చున్నాడు. ఎగతాళి చేసిన అన్నదమ్ములు, అల్లుళ్లు అటూ ఇటూ. ఓళిగల మీద నెయ్యి పోస్తుంటే వాళ్ల ముఖాలు విప్పారాయి. అలసంద వడలు మళ్లీ అడిగి వేయించుకున్నారు. నేను టెంటు గుడ్డ పక్కకు తీసి చూస్తూ, గండం గడిచిందనుకున్నాను. అన్నం పెట్టి సాంబారు పోశారు. ఒక చిన్నపిల్ల ముద్ద ఉమ్మేసింది, తల్లి దాని నోరు తుడిచి మంచినీళ్ల గ్లాసు అందుకుంది. ఒకరి తర్వాత ఒకరు అన్నాన్ని ఆకు అంచుకు తోసి, పెరుగు కోసం చెయ్యి చాపారు. పెద్దాయన మాత్రం తింటూనే ఉన్నాడు. అందరూ తననే చూస్తుంటే, ముద్ద తర్వాత ముద్ద, ఆకులో మెతుకు మిగలకుండా తిన్నాడు. గుండె జబ్బు మనిషి.

తమ్ముడు వెనకకు పరుగెత్తుకొచ్చి నా చెవిలో, ఉప్పు కషాయం మాదిరి ఉందక్కా అన్నాడు. నేను గరిటె తీసుకొని చేతిలో పోసుకున్నాను. నోరు పొక్కినట్టయింది. వెంటనే ఇంకో పొయ్యి మీద పప్పు పెట్టించి, వేడినీళ్లు కాయించి, తర్వాతి పంక్తులకైనా సరిచేసే పనిలో పడ్డాం. ఆయన కొంచెం దూరంలో అన్నం గంగాళాలు దించిస్తున్నాడు. పంక్తిలో ఏం జరిగిందో ఆయనకు ఇంకా తెలియదు. ఎవరైనా చేతులు కడుక్కుంటూ ఏదైనా అంటారేమోనని మధ్యమధ్యలో అటు చూస్తున్నాడు.

పెద్దాయన చెయ్యి తుడుచుకుంటూ టెంటులోకి, మా ఇంటాయన దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"శాకాహారం అలవాటు లేని నోళ్లు గదప్పా మావి. ఇట్లనే ఉంటాదేమో అనుకున్నారు మావోళ్లు. నువ్వేం మనసులో పెట్టుకోవాకు," అని చేతులు జోడించి వెళ్లిపోయాడు.

మా ఇంటాయన తమ్ముడి వైపు తిరిగాడు. ఏమైందని అడిగాడు. వాడు నా ముఖం చూసి, ఏమీ లేదు బావా అని పక్కకు పోయాడు. అప్పుడు ఆయన ఆ సాంబారు గుండిగ దగ్గరికి నడిచాడు. గరిటెతో తీసి, అరచేతిలో పోసుకున్నాడు. ఓళిగలు తట్టే ఆడవాళ్లు చేతులు ఆపేశారు. పొయ్యి దగ్గర నిలబడి ఆయన నోటి దగ్గరికి చెయ్యి తీసుకుపోవడం వాళ్లెవరూ ఎప్పుడూ చూడలేదు, నేను కూడా చూడలేదు. తాగాడు. నోరు మూసుకొని, నాలుక అటూ ఇటూ కదిలిస్తూ నిలబడ్డాడు. మళ్లీ పోసుకున్నాడు. ఈసారి గరిటె నిండా. ఆ ఉప్పుకు ముఖం చిట్లిస్తాడనుకొని నేను నీళ్ల చెంబు పట్టుకొని దగ్గరికి పోయాను. ముఖంలో ఏ మార్పూ లేదు. మంచినీళ్లు తాగినట్టు తాగేశాడు.

చెంబు అందుకోలేదు. ఆడవాళ్లకు వినబడకుండా నా దగ్గరికి వంగాడు.

"ఎక్కువైందా మే, తక్కువైందా?" అని అడిగాడు.

నాలుక బాగానే ఉందని నాతో చెప్పిన మాట అబద్ధమని నాకు అప్పుడు తెలిసింది. ఇన్ని నెలలూ నేను పెట్టినదంతా ఆయన మట్టి తిన్నట్టు తిన్నాడు. ఎక్కువైందని చెప్పాను. తల ఊపాడు. మళ్లీ గుండిగలోకి చూశాడు.

"ఎంత?" అన్నాడు.

నేను ఏమని చెప్పాలి? తెలిసిన నాలుకకైతే ఒక చుక్క చాలు. "నోట్లో పెట్టుకోలేనంత," అన్నాను. ఆయన అరచేయి ఇంకా తడిగానే ఉంది. దాన్ని చూసుకున్నాడు. తర్వాత ఆ చేతిని పంచెకు తుడుచుకొని, ఆ పెద్దాయన ఎంత తిన్నాడని అడిగాడు.

"ఆకంతా," అన్నాను.